చేతికి పట్టిన అలవాటు

పక్కకు తిరిగి నిలబడి, చేయి చాచి, తీరిగ్గా గురి చూసి ట్రిగ్గర్ నొక్కడం: 20వ శతాబ్దం తొలినాళ్లలో పిస్టల్ శిక్షణంటే ఎక్కువగా ఇదే. వీధిలో ఇది పనికిరాదని గట్టిగా చెప్పినవాళ్లలో ముఖ్యుడు విలియం ఫెయిర్‌బెయిర్న్. 1907లో షాంఘై మునిసిపల్ పోలీసులో చేరిన ఈ ఇంగ్లీషువాడు, ఇరుకు సందుల్లో నాలుగు గజాల దూరాన కాల్పులు జరిగితే మనిషి ఏం చేస్తాడో గమనించాడు. ఒళ్లు వంచుతాడు, పిడికిలి బిగిస్తాడు, చూపు ఎదుటివాడి మీద పెడతాడు తప్ప తుపాకీ మీద పెట్టడు. ఈ తీరును మాన్పించబోకుండా దాని మీదే శిక్షణ నిలబెట్టాడు. చీకటి గదుల ఇంట్లో టపాకాయలు పేలుస్తూ, ఉన్నట్టుండి బొమ్మలు ఎదురు నిలుపుతూ పోలీసులను నడిపించేవాడు. సహచరుడు ఎరిక్ సైక్స్‌తో కలిసి 1942లో దీని మీద పుస్తకమూ రాశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ కమాండోలు, అమెరికన్ గూఢచారులు నేర్చుకున్నది ఈ పద్ధతినే.

యుద్ధం ముగిశాక అమెరికాలో చాలా పోలీసు రేంజిలు మళ్లీ కాగితపు గురికీ, మార్కులకీ మళ్లాయి. అక్కడో చిన్న ఆచారం ఉండేది. రివాల్వర్‌లోని ఆరు గుండ్లూ కాల్చాక ఖాళీ షెల్స్ నేల మీద పడేయకుండా అరచేతిలోకి వంపి జేబులో వేసుకోవాలి. రేంజి ఊడ్చేవాళ్లకు పని తగ్గుతుందని!

1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి దగ్గర కాలిఫోర్నియాలోని న్యూహాల్‌లో ఇద్దరు సాయుధులు నలుగురు హైవే పోలీసులను కాల్చి చంపారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నలుగురికీ రెండేళ్ల సర్వీసు నిండలేదు. ఒకతను ఖాళీ రివాల్వర్‌లోకి ఒక్కొక్క గుండే దూరుస్తుండగా హంతకుడు పక్కకొచ్చి కాల్చాడు. అతని జేబులో ఖాళీ షెల్స్ దొరికాయన్న కథ దశాబ్దాల పాటు శిక్షణ తరగతుల్లో తిరిగింది. అది నిజం కాదని మైక్ వుడ్ అనే రచయిత తర్వాత ఈ ఘటన మీద రాసిన పుస్తకంలో వాదించాడు. నా దృష్టిలో ఆ కథ నిలిచినా కూలినా అసలు లోపం మారదు: సాధన తేలిక తూటాలతో, డ్యూటీ బలమైన మాగ్నమ్ తూటాలతో. ఆ తర్వాతే ఆరు గుండ్లూ ఒక్కసారి నింపే స్పీడ్‌లోడర్లు హైవే పోలీసులకు అందాయి.

1986లో మయామిలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయినప్పుడు నింద ఎక్కువగా ఏజెంట్లు వాడిన తూటా మీద పడింది. తూటాను మార్చడం అలవాటును మార్చడం కంటే సులువు మరి.

కొలత చట్టమైపోవడం ఇంకో సంగతి. సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఓ వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులు సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని చూపించాడు. జాగ్రత్త పడమని చెప్పిన లెక్క అది. జనం నోట్లో పడి ‘21 అడుగుల రూలు’ అయింది. ఆ దూరంలోకి వస్తే కాల్చొచ్చన్న అర్థం ట్యూలర్ ఇవ్వలేదు.

కరెంటు షాకిచ్చే టేజర్లు వచ్చాక అలవాటు మరో రూపంలో బయటపడింది. 2021 ఏప్రిల్ 11న మినెసోటాలోని బ్రూక్లిన్ సెంటర్‌లో కిమ్ పాటర్ అనే పోలీసు అధికారి “టేజర్, టేజర్” అని అరుస్తూనే డాంటే రైట్ అనే యువకుణ్ని పిస్టల్‌తో కాల్చి చంపింది. టేజర్ ఎడమ నడుముకు, పిస్టల్ కుడి నడుముకు ఉన్నాయి. ఆమెది 26 ఏళ్ల సర్వీసు. కొద్ది వారాల ముందే టేజర్ శిక్షణ కూడా పూర్తి చేసింది. ఒత్తిడిలో పాత కదలిక కొత్తదాన్ని తోసేస్తుందని డిఫెన్స్ తరఫు మనస్తత్వ నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ మాత్రం డిసెంబరులో రెండు అభియోగాల్లోనూ ఆమెను దోషిగా తేల్చింది.