క్రిస్మస్ బొమ్మలు, లక్కపిడతలు, ఒక చిన్న గొట్టం

పోయిన డిసెంబరులో మా అమ్మ విశాఖపట్నం నుంచి వచ్చింది. క్రిస్మస్ సెలవులకు ఆవిడ మా ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. పెట్టెలో ఊరగాయలు, కందిపొడి, వడియాలతో బాటు ఒక తాటాకు బుట్ట కూడా తెచ్చింది. అందులో ఏటికొప్పాక లక్కపిడతలు పద్నాలుగు ఉన్నాయి. కుండ, మూకుడు, గరిటె, రోలు, పొత్రం, తిరగలి, చెంబు, పీట - అన్నీ ముచ్చటైనవి, అన్నీ చిన్నవి. "ఇక్కడ చెట్టు కింద పెట్టి ఇస్తారటగా కానుకలు? ఇవీ అక్కడే పెట్టు" అంది. మా అమ్మాయికి అప్పటికి పద్ధెనిమిది నెలలు.

నేను పిల్లల వైద్యురాలిని. తల్లిదండ్రులకు చూపించడానికి నా దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదీ మూడేళ్లలోపు బిడ్డ చేతికి ఇవ్వరాదని దాని అర్థం. ఆ రాత్రి అమ్మ పడుకున్నాక లక్కపిడతలను ఒక్కొక్కటిగా ఆ గొట్టంలో వేసి చూశాను. పద్నాలుగింటిలో తొమ్మిది దిగిపోయాయి. ఆ తొమ్మిదింటినీ అలమారా పై అరలో దాచాను.

తెల్లవారి బుట్ట చూసి అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "నువ్వూ అక్కా వీటితోనే ఆడుకున్నారు. డాక్టరువయ్యాక నేను తెచ్చిన బొమ్మ నీకు విషమైపోయిందటే?" అంది. ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబు నాకు తోచలేదు. ఆ జవాబు కోసం చదివినవీ చూసినవీ మన సంఘ సభ్యులతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను. చిన్నపిల్లలున్న ఇళ్లు మనలో చాలా ఉన్నాయి గదా.

మొదట క్రిస్మస్ సంగతి. మనలో క్రైస్తవ కుటుంబాల వారికి ఇది పుట్టినప్పటినుంచీ ఉన్న పండుగ. మిగిలిన వారికి పిల్లలు బడిలో చేరాక వాళ్లతో బాటు ఇంట్లోకి వచ్చిన పండుగ. అయితే ఈ దేశంలో కూడా ఇది మొదటినుంచీ బొమ్మల పండుగ కాదు. మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ జరుపుకోవడాన్నే నిషేధించి, జరుపుకున్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు. ఆ శాసనం 1681 దాకా ఉంది. పిల్లలకు కానుకలు తెచ్చే సెయింట్ నికొలస్ మీద ప్రసిద్ధమైన పద్యం 1823లో ఒక న్యూయార్క్ రాష్ట్రపు పత్రికలో వచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు హార్పర్స్ వీక్లీలో వేసిన బొమ్మలతో శాంటాక్లాజ్‌కు ఒక రూపం స్థిరపడింది. 1870లో కాంగ్రెస్ దీన్ని సెలవు దినం చేసింది. అంటే వీధి పండుగ ఇంటి పండుగై, ఇంట్లో మళ్లీ పిల్లల పండుగ కావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

పండుగ పిల్లలదయ్యాక బొమ్మల వ్యాపారం పెరిగింది. ఆ కాలంలో మంచి బొమ్మ అంటే జర్మనీ బొమ్మే. న్యూరెంబర్గ్, సోన్నెబర్గ్ పట్టణాల నుంచి కొయ్యబొమ్మలు, తగరపు బొమ్మలు ఓడలకొద్దీ వచ్చేవి. సిపాయి బొమ్మలను సీసంతోనే పోత పోసేవారు. తెల్ల రంగులోనూ, సిందూరంలోనూ, మెరిసే పసుపులోనూ సీసం. కొన్ని ఆకుపచ్చ రంగుల్లో ఆర్సెనిక్. చెట్టు కొమ్మలకేమో వెలుగుతున్న మైనపు వత్తులు. ఎండిన చెట్టుకు నిప్పంటుకోవడం ఆ రోజుల్లో మామూలు ప్రమాదం. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ అనుచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు విద్యుద్దీపాలు పెట్టాడు గాని, అవి సామాన్యుల ఇళ్లకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక గొంతు సంగతి. బిడ్డ మింగబోయిన వస్తువు ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటే పూర్వం వైద్యుడు చేయగలిగింది బహుస్వల్పం. 1897లో జర్మనీలో గుస్తావ్ కిల్లియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళంలో చిక్కిన ఎముక ముక్కను నోటి గుండా గొట్టం దించి బయటికి తీశాడు. ఆ విద్యను పిల్లలకు పనికివచ్చేలా తీర్చినవాడు మా ఊరి వాడేనని చెప్పుకోవచ్చు. ఆయన షెవాలియర్ జాక్సన్. 1865లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, తరువాత ఫిలడెల్ఫియాలో పనిచేసి, 1958లో కన్నుమూశాడు. రోగుల గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన వస్తువులను పారేయకుండా, ఒక్కొక్కదానికీ వివరం రాసి దాచాడు. అవి 2,374 వస్తువులు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఒక బీరువా సొరుగుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

అమ్మకు చూపిద్దామని సెలవుల్లో ఒక రోజు అక్కడికి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే వాదన గెలుద్దామనే వెళ్లాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని సొరుగులు ఒక్కొక్కటే లాగి చూసింది. పిన్నీసులు, గుండీలు, నాణేలు, ఎముక ముక్కలు, గింజలు, బుల్లి బుల్లి బొమ్మలు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మా ఊళ్లో పక్కింటి సీతాలు కొడుకు ఇలాగే పోయాడేమోనే" అంది. నేను వినని కథ అది. రెండేళ్ల పిల్లాడు అరుగు మీద చింతపిక్కలతో ఆడుతూ ఆడుతూ ఉక్కిరిబిక్కిరై నీలంగా మారిపోయాడట. గాలి సోకిందన్నారు. మంత్రం వేయించారు. సాయంత్రానికి పోయాడు. "ఆ పిక్క సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరు రాసి పెడతారు?" అంది అమ్మ.

ఆ ప్రశ్నే ఈ చరిత్రకంతటికీ కీలకమని నాకనిపిస్తుంది. పిల్లలు వస్తువులు మింగడం ఈ దేశపు జబ్బు కాదు. అన్ని దేశాల పిల్లలూ మింగుతారు. ఎక్కడ రాసి పెట్టారో అక్కడ కారణం తెలిసింది, కారణం తెలిసిన చోట చట్టం వచ్చింది. జాక్సనే ఇందుకు తార్కాణం. సబ్బు కాచే లై తాగి గొంతు కాలిన పిల్లలను చూసి చూసి, అలాంటి డబ్బాల మీద విషం అని అచ్చు వేయించాలని ఏళ్ల తరబడి పోరాడాడు. 1927లో ఫెడరల్ కాస్టిక్ పాయిజన్ చట్టం వచ్చింది. వేరుశనగ గింజ పసిపిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే ఎంత వాపు తెస్తుందో గట్టిగా చెప్పినవారిలోనూ ఆయన ఒకడు. మన ఇళ్లలో పులిహోరలో, పోపులో, చిక్కీలో వేరుశనగ ఉంటుంది. నాలుగేళ్లు నిండేదాకా గింజను గింజగా పెట్టకండి. ఇంకొక మాట: గింజ గాని, కొయ్య గాని, ప్లాస్టిక్ గాని మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు. ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండరాదు.

రాసి పెట్టినంత మాత్రాన వెంటనే చట్టం రాదని చెప్పడానికి సీసం కథ చాలు. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు, వరండా కమ్మీలకు వేసిన రంగు వల్లనే పిల్లలకు సీసం విషం ఎక్కుతోందని రాశాడు. 1914లో బాల్టిమోర్‌లో థామస్, బ్లాక్‌ఫాన్ అనే వైద్యులు, మంచం కమ్మీల తెల్లరంగు కొరికి తిన్న పిల్లవాడి మరణాన్ని వర్ణించారు. అయినా ఇక్కడ 1955లో బొమ్మల రంగుల్లో సీసం ఒక శాతం మించరాదని ఒక ప్రమాణం వచ్చింది, అదీ స్వచ్ఛందంగా పాటించవలసినదే. ఇళ్ల రంగుల్లోనూ బొమ్మల రంగుల్లోనూ 0.06 శాతానికి మించిన సీసాన్ని నిషేధించిన నియమం 1977లో ప్రకటించి 1978లో అమలు చేశారు. బాల్టిమోర్ పిల్లవాడి తరువాత అరవై నాలుగేళ్లకు! 2007లో చైనాలో తయారైన బొమ్మలెన్నో సీసపు రంగు కారణంగా లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించాక, 2008లో కొత్త చట్టం వచ్చింది. 2009 నుంచి ఆ హద్దు 0.009 శాతానికి దిగింది.

బొమ్మల చట్టాల వరస కూడా ఇలాంటిదే. 1966లో ప్రమాదకరమైన బొమ్మలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. 1969లో పదునైన అంచులు, విద్యుత్తు, వేడి వంటి ప్రమాదాలు కూడా దాని కిందికి చేరాయి. 1971లో బోస్టన్ న్యాయవాది ఎడ్వర్డ్ స్వార్ట్జ్ ప్రమాదకరమైన బొమ్మల మీద ఒక పుస్తకమే రాశాడు. 1972 నాటి చట్టంతో ఏర్పడిన వినియోగ వస్తువుల భద్రతా సంఘం 1973లో పని మొదలుపెట్టి, ఆసుపత్రుల అత్యవసర విభాగాల నుంచి ఏ వస్తువు వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో లెక్కలు సేకరించసాగింది. జాక్సన్ సొరుగుల పనిని దేశం మొత్తానికి చేయడమన్నమాట.

ఆ లెక్కల కాలంలో వచ్చిందే నా గొట్టం. 1979లో నియమం రాసి, 1980 జనవరి 1 నుంచి అమలు చేశారు. వ్యాసం 1.25 అంగుళాలు. అడుగు ఏటవాలుగా ఉండి, లోతు ఒక పక్క 1 అంగుళం, ఇంకొక పక్క 2.25 అంగుళాలు. మూడేళ్లలోపు బిడ్డ గొంతు పూర్తిగా తెరుచుకుంటే సుమారుగా అంత. ఎటు తిప్పి పెట్టినా, నొక్కకుండా, అందులో పూర్తిగా దిగే వస్తువుంటే ఆ బొమ్మ ఆ వయసు వారికి అమ్మరాదు. ఊడిన ముక్కకూ ఇదే నియమం. అయితే గుండ్రని బంతి ఇంతకన్న పెద్దదైనా గొంతుకు బిరడాలా పట్టేస్తుందని తరువాత తేలింది. అందుకే 1994 చట్టం మూడేళ్లలోపు వారికి 1.75 అంగుళాల కన్న చిన్న బంతులను నిషేధించింది. గాలిబుడగల మీద, గోలీల మీద హెచ్చరిక అచ్చు వేయించింది కూడా ఆ చట్టమే. పెట్టె మీద మూడేళ్లు పైబడినవారికి అని ఉంటే, అది తెలివితేటల సంగతి కాదు, గొంతు సంగతి. "మావాడు చురుకైనవాడండీ, రెండేళ్లకే ఆడేస్తాడు" అనడం మన పార్టీల్లో తరచు వింటుంటాను. చురుకైన పిల్లల గొంతు కూడా అంతే ఉంటుంది.

ఇప్పటి ప్రమాదం మరొకటి ఉంది. పాట పాడే కార్డుల్లో, మెరిసే బొమ్మల్లో, చిన్న రిమోట్లలో ఉండే బొత్తాం బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే దాని కరెంటు వల్ల అక్కడ క్షారం పుట్టి రెండు గంటల్లో తీవ్రంగా కాలవచ్చు. 2020 డిసెంబరులో టెక్సాస్‌లో పద్ధెనిమిది నెలల పాప ఇలాగే పోయింది. ఆ పాప పేరు మీదనే 2022లో రీసెస్ లా వచ్చింది. మింగిందని అనుమానం కలిగితే వాంతి చేయించకండి, వెంటనే అత్యవసర విభాగానికి బయలుదేరండి. ఏడాది నిండిన బిడ్డకు, తేనె చేతికందితే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు టీస్పూన్లు, ఆరు సార్లు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం ఆగవద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె పనికిరాదు. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగినా ఇంతే తొందర, అవి పేగులను మధ్యలో పట్టి చిల్లు పొడుస్తాయి. ఏ విషం విషయమైనా సలహాకు నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మ్యూజియం నుంచి వచ్చిన సాయంత్రం అమ్మే గొట్టం అడిగి తీసుకుంది. మళ్లీ పద్నాలుగూ వేసి చూసింది. మిగిలిన అయిదింటిలో గరిటె కొస సన్నగా ఉందని తనే పక్కన పెట్టింది! చివరికి పీట, కుండ, తిరగలి, మూకుడు క్రిస్మస్ చెట్టు కిందికి వెళ్లాయి. ఏటికొప్పాక వారిలో చాలామంది ఇప్పుడు పసుపు, నీలి వంటి సహజమైన రంగులే లక్కలో కలుపుతున్నారు. అమ్మ తెచ్చినవి అలాంటివే. తప్పు బొమ్మది కాదు, కొలతది, అదీ ఇంకొక ఏడాదిన్నర పాటే. తక్కిన పదీ మూడు వారాల తరువాత సంక్రాంతి బొమ్మల కొలువులో అన్నిటికన్న పై మెట్టున కూర్చున్నాయి. కొలువులో బొమ్మలను చూడటమే గాని ముట్టరాదన్న నియమం మన పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టారు గదా, మాకు కొత్తగా చెప్పవలసిన పని లేకపోయింది.

క్రిస్మస్ రాత్రి కాగితాలు, రిబ్బన్లు, పగిలిన బుడగ ముక్కలు ఏరి పారేయడం ఇంట్లో ఒకరు తమ పనిగా పెట్టుకోవాలి. అన్నగారి బొమ్మ ముక్క చెల్లెలి నోట్లోకి పోకుండా చూడాలి. సంఘం విందుల్లో కానుకలు పంచేవారు వయసును బట్టి విడివిడి బుట్టలు పెడితే మేలు. ఈసారి విందుకు నా గొట్టం నేను తెస్తాను. చూసుకోదలచినవారు తమ పిల్లల బొమ్మలు తెచ్చుకోవచ్చు.

వెళ్లేముందు అమ్మ ఆ పక్కింటి సీతాలుగారికి ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.