ఎండకు కొన్న టైరు

చెన్నైలో చలికాలపు టైర్ల గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్లుంటారు. మిషిగన్‌లో ఉన్న మా మేనల్లుడు ఏటా నవంబరులో నాలుగు చక్రాలూ విప్పి, గ్యారేజీలో దాచుకున్న మరో నాలుగు బిగిస్తాడు. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కన్నా తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తప్పుతుందట. ఫిన్లండ్‌వాళ్లు 1934లోనే లారీల కోసం ప్రత్యేకంగా మంచు టైరు తయారు చేశారు. ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా ఇరవై డిగ్రీలకు దిగితే గొప్ప. అలాగని ఈ ఊరికి చలికాలం లేకపోలేదు, అది నీళ్ల రూపంలో వస్తుంది. ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురుస్తుంది. 2015 డిసెంబరు 1న మొదలైన ఇరవైనాలుగు గంటల్లో తాంబరంలో దాదాపు 490 మిల్లీమీటర్లు పడింది. ఇలాంటి ఊళ్లో టైరును నీళ్లను బట్టి ఎంచుకోవాలని ఎవరికీ ఎందుకు తోచలేదన్నదే నా ప్రశ్న.

తొలి రోజుల కథ అందరికీ తెలిసిందే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది, మరో పదిహేనేళ్లకల్లా మద్రాసు వీధుల్లో మోటారు కార్లు తిరిగాయి. ఊళ్లో కారు కొన్న తొలి భారతీయుడిగా మన తాటికొండ నంబెరుమాళ్ చెట్టి పేరు చెబుతారు. ఆనాటి కార్లకు చక్రం ఊడదీసి మార్చే వీలుండేది కాదు. 1904లో వేల్స్ దేశపు లానెల్లీ పట్టణంలో, స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు ఒక అదనపు చక్రం చేసి అమ్మారు. పంక్చరైన చక్రం పక్కన దాన్ని బిగించి ఇల్లు చేరేవాళ్లు. ఆ కంపెనీ ఏనాడో పోయినా ఆ వీధి పేరు మాత్రం మన డిక్కీల్లో మిగిలిపోయింది.

ఆ తర్వాతి కథే నాకు మింగుడుపడదు. వ్యాపార పత్రికలు ఎప్పుడూ ఒకే వరుసలో చెబుతాయి. 1946లో తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై ఆట బెలూన్లు చేయడం, 1952లో ట్రెడ్ రబ్బరులోకి దిగడం, 1961లో అమెరికాకు చెందిన మాన్స్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి టైర్ల ఫ్యాక్టరీ పెట్టడం, 1967లో ఆ అమెరికాకే టైర్లు పంపడం. బెలూన్ నుంచి టైరు దాకా సాగిన విజయగాథ అది. తప్పు లేదు గానీ, అది తయారుచేసినవాడి కథ. కొన్నవాడు ఏం చూసి కొన్నాడన్నది అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి మరో మాట చెబుతారు: మన రోడ్లు బాగాలేవు, అందుకే ఉక్కు పట్టీల రేడియల్ టైరు ఆలస్యంగా వచ్చిందని. రోడ్లు బాగాలేనిమాట నిజమే. ఆలస్యానికి అదొక్కటే కారణమంటేనే ఒప్పుకోను.

ఆ వరుసలో 1952 దగ్గర ఆగి చూడాలి. ట్రెడ్ రబ్బరు కొత్త టైరు కోసం కాదు, అరిగిన టైరుకు కొత్త తొడుగు వేయడానికి. మన లారీవాళ్లు రీబటన్ అనేది దాన్నే. 1942లో మలయా జపాను చేతికి చిక్కాక రబ్బరుకు కటకట వచ్చింది. పాత టైరుకు మళ్లీ ప్రాణం పోయడం దక్షిణాదిలో అప్పుడే పెద్ద పనిగా మారింది. మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు కూడా రీట్రెడింగ్‌లో దిగారు. యుద్ధం ముగిసింది గానీ ఆ లెక్క ముగియలేదు. లారీ యజమాని కొనేది ఒక టైరును కాదు, ఆ టైరుకున్న రెండు మూడు జన్మలను. పైనున్న గీతలు మొదటి జన్మతో అరిగిపోతాయి. లోపలి గుడ్డ పొరలు, అంటే కేసింగ్, చెక్కుచెదరకుండా నిలిస్తేనే రెండో జన్మ. కాబట్టి అతను ఎంచుకున్నది కేసింగ్‌నే గానీ గీతలను కాదు. గీతల పని నీళ్లను పక్కకు తోయడం. అది అతని లెక్కలోకే రాలేదు.

ఈ లెక్కకు నైలాన్ తోడైంది. 1973లో తిరువొత్తియూరు కంపెనీ నైలాన్ టైర్లను మార్కెట్లోకి దించింది. ఆ దశాబ్దంలోనే పక్కనున్న మనలిలో శ్రీరామ్ ఫైబర్స్ టైర్లకు కావలసిన నైలాన్ దారపు గుడ్డ నేయడం మొదలుపెట్టింది. అంతకుముందు వాడిన రేయాన్‌కు తడి తగిలితే బలం తగ్గేది. నైలాన్ దెబ్బకు ఓరుస్తుంది, మోయాల్సినదానికి మించిన బరువుకూ నిలుస్తుంది, మళ్లీ మళ్లీ తొడుగు వేయించుకుంటుంది. దానికున్న లోపం వేరు. రాత్రంతా ఒకేచోట నిలబెడితే నేలకు ఆనినమేర చదునుగా మారి, మళ్లీ వేడెక్కేవరకు దడదడలాడిస్తుంది. పాత అంబాసిడర్లలో మార్గశిరపు తెల్లవారుజామున గుడికి వెళ్లినవాళ్లకు ఆ మొదటి మైలు దూరం గుర్తుండే ఉంటుంది. చెన్నై చలి టైరు మీద చూపిన ప్రతాపం ఆమాత్రమే!

చుట్టూ నైలాన్ మిల్లు, టైర్ల ఫ్యాక్టరీ, ఊరూరా రీబటన్ షాపులు. వీటన్నిటి బతుకూ అడ్డపొరల (క్రాస్ ప్లై) టైరు మీదే ఆధారపడింది. ఉక్కు పట్టీల రేడియల్ దీనికి పూర్తిగా భిన్నం. దానికి వేరే యంత్రాలు, వేరే దారం, వేరే రిపేరు పద్ధతి కావాలి. మిషెలిన్ 1946లోనే దానికి పేటెంటు తీసుకుంది. మన దేశంలో 1977లో జేకే వాళ్లు కార్లకు రేడియల్ తెచ్చారు. లారీల్లో మాత్రం ఈ శతాబ్దం మొదటి పదేళ్లదాకా దాని వాటా నామమాత్రమే. ఒక్క గుంతలే కారణమైతే, అవే గుంతల్లో తిరిగిన కార్లలో అది అంత ముందుగా ఎలా కుదురుకుంది? కారు యజమానికి రీబటన్ లెక్క లేదు, లారీ యజమానికి ఉంది. నా వాదమంతా ఈ తేడా మీదే నిలిచింది. అయితే కొంత వెనక్కి తగ్గక తప్పదు. రేడియల్ పక్కగోడ పల్చన, రాయి కోస్తే పనికిరాదు. మోతాదు మించిన బరువును అది సహించదు. లారీవాళ్ల భయం ఉత్తదేమీ కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో నీళ్లను లెక్కచేయకపోవడం తెలివితక్కువతనం కాదు. 1963లో నాసా పరిశోధకులు హార్న్, డ్రెహర్ నీళ్ల మీద టైరు తేలిపోవడం గురించి ఒక సూత్రం ప్రచురించారు. గీతలు అరిగిపోయి, నీరు మందంగా నిలిచినచోట, తేలే వేగం టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 30 పౌండ్ల గాలి ఉంటే గంటకు సుమారు 91 కిలోమీటర్లు, 24కు దిగితే 82. వానలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లు ఈ రెండు అంకెలూ చూడాలి. ఇంతకీ 1970లలో మౌంట్ రోడ్డు మీద ముసురులో తొంభైలో పోయినవాడెవడు? నున్నగా అరిగిన టైరుతో కూడా, బ్రేకు గట్టిగా తొక్కనంతవరకు, ఇల్లు చేరొచ్చు. ఎండాకాలంలో టైరు పేలడమే అసలు భయం, అందుకే ఎండను చూసి కొన్నారు.

వేగం మారింది గానీ ఆ చూపు మారలేదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఓఎంఆర్, బైపాస్‌లు వచ్చాక వందకు తగ్గకుండా పోయే కార్లే ఎక్కువ. ఊరి చుట్టూ ఇప్పుడు టైర్ల ఫ్యాక్టరీల వలయం ఉంది. ఒరగడంలో అపోలో, శ్రీపెరుంబుదూరులో జేకే, సియట్, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో గుమ్మిడిపూండి తాలూకా తేర్వాయ్ కండిగైలో మిషెలిన్. రేడియల్‌ను కనిపెట్టినవాళ్లు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టడానికి పేటెంటు తర్వాత అరవై ఏళ్లకు పైగా పట్టింది. తయారీకి మాత్రం కొదవేమీ లేదు.

రిమ్ముల సంగతి చూస్తే నాకు ఇంకా చిరాకు. కంపెనీ ఇచ్చిన పద్నాలుగు అంగుళాల ఉక్కు రిమ్మును తీసేసి పదహారు అంగుళాల అల్లాయ్ వేయించుకుని, దానికి వెడల్పాటి పొట్టి టైరు తొడిగిస్తారు. వెడల్పు పెరిగేకొద్దీ ముందున్న నీళ్లను ఎక్కువగా తోయాలి. పక్కగోడ పొట్టిదైతే నీళ్లకింద దాగిన గుంత దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఉక్కు రిమ్ము వంగితే సుత్తితో సరిచేయొచ్చు, అల్లాయ్ పగిలితే పారేయడమే. మంచుదేశాలవాళ్లు చలికాలానికి సన్నటి టైరు, చిన్న రిమ్ము వేసుకుంటారు. మనవాళ్లు మాత్రం సరిగ్గా దీపావళికి, వానలు మొదలయ్యే వేళకు, తిరగేసి చేస్తారు.

చట్టం కొంత కదిలింది. కారు టైరు గీతల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు, రెండు, మూడు చక్రాల బండ్లకు 0.8 ఉండాలని ఎప్పటినుంచో ఉంది. ఆ 1.6 కూడా చెన్నై వానకు చాలదని నా అభిప్రాయం. మూడుకు రాగానే మార్చేయాలి. 2022లో కేంద్రం టైర్లకు ఏఐఎస్ 142 ప్రమాణం తెచ్చింది. అందులో తడిరోడ్డు మీద పట్టు కూడా ఒక పరీక్ష, కొత్త డిజైన్లకు ఆ అక్టోబరు నుంచి, పాత డిజైన్లకు 2023 ఏప్రిల్ నుంచి. మొదటిసారిగా ఒక ప్రభుత్వ కాగితం మన టైరును నీళ్ల వైపు నుంచి చూసింది. దానికి రెండేళ్ల ముందు, 2020లో మరో సవరణ వచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే పరికరం, పంక్చర్ కిట్టు ఉన్న కార్లు స్టెప్నీ మోయనక్కర్లేదని. మోకాటిలోతు నీళ్లలో, చీకట్లో ఆ కిట్టుతో కుస్తీపట్టినవాడికి ఈ సవరణ రాసినవాళ్ల మీద సదభిప్రాయం ఉండదు.

పోయిన అక్టోబరులో రాయపేట జనరల్ పాటర్స్ రోడ్డులో ఒక షాపుకు వెళ్లాను. నాకన్నా ముందున్న ముగ్గురూ అడిగింది ఒకటే, ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందని. నా వంతు వచ్చాక, తడిలో పట్టు ఎలా ఉంటుందని అడిగాను. షాపతను నన్ను ఎగాదిగా చూసి, "ఎండకు గట్టిగా నిలుస్తుంది సార్" అన్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి.