మనియార్డరు కూపన్లలో మా ముత్తాత

మా ముత్తాత జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి టిన్‌ప్లేట్ కంపెనీలో పనిచేశాడని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. ఫొటో లేదు. చదువు లేదు కాబట్టి సంతకమూ లేదు. టెక్కలి దగ్గర మా ఊళ్లో, నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున పంచె ముక్కలో చుట్టిన మనియార్డరు కూపన్లు దొరికాకే ఆ మనిషి నాకు కనబడ్డాడు.

ఒక్కో కూపన్ మీద పంపిన సొమ్ము, తపాలా ముద్ర, ఎవరిచేతో రాయించిన రెండు ముక్కలు: ‘విత్తనాలకు’, ‘అమ్మకు చీర’. తేదీల వరసన నేలమీద పేర్చాను. 1929 మార్చి దాకా నెల తప్పలేదు. తర్వాతది 1930 ఫిబ్రవరిది. సొమ్ము రెండు రూపాయలు. ‘బాగున్నాను, అమ్మకు చెప్పండి’ అని రాత.

“ఆ యేడు డబ్బులు రాలేదంట నాయనా, చోడి అంబలితోనే గడిపినారంట” అంది నాయనమ్మ. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఊరు ఆడిపోసుకుందట.

అసలు సంగతి గోల్‌మురి చరిత్రలో ఉంది. బర్మా ఆయిల్, టాటాలు కలిసి 1920లో పెట్టిన ఆ కంపెనీలో 1922లో ఉత్పత్తి మొదలైంది. ఎర్రగా కాలిన ఇనుప పలకను పట్టకారుతో పట్టి రోలర్ల మధ్యకు తోయాలి. అవతలివాడు అందుకోవాలి. మడిచి, మళ్లీ కొలిమిలో పెట్టి, మళ్లీ తోయాలి. అలా పలచబడ్డ రేకును శుభ్రం చేసి కరిగిన తగరంలో ముంచేవారు. మన పల్లెల్లో కిరసనాయిలు అయిపోయాక బియ్యం పోసుకున్న డబ్బాలు ఇలాంటి రేకువే. 1929 ఏప్రిల్‌లో ఆ కార్మికులు సమ్మె కట్టారు. సుభాష్ చంద్రబోస్ వాళ్ల పక్షాన నిలిచాడు. నెలల తరబడి సాగిన సమ్మె చివరికి ఓడిపోయింది. మా ముత్తాత డబ్బు పంపని నెలలు సరిగ్గా అవే. తొంభై ఏళ్లు దాటాక ఆయన మీద పడ్డ నింద తొలగింది.

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురిలో, కద్మాలో, బిష్టుపూర్‌లో ఉన్న తెలుగువారికి ఒక్క మాట. పాత కాగితం మీద ‘గంజాం జిల్లా’ అని కనబడితే మనది కాదని పక్కన పడేయకండి. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం 1936 దాకా గంజాంలోనివే. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాకు, 1950లో శ్రీకాకుళానికి వచ్చాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్ల ట్రంకుపెట్టె వాళ్ల ఎదురుగానే తెరిపించండి. ఏ కాగితం ఎవరిదో చెప్పగలిగేది వాళ్లే.