నీటి అడుగుకు దిగిన మెరుపు

నీళ్లలో ముంచినా పాడవని చిన్న కెమెరాలు ఇప్పుడు అంగట్లో సులువుగా దొరుకుతున్నాయి. కొన్న ఉత్సాహంలో నీటి అడుగున తీసిన మొదటి ఫొటోలు చూసుకుంటే మాత్రం చాలామందికి నిరాశే మిగులుతుంది. ఎర్రని చేప బూడిదరంగులో పడుతుంది, మనిషి మొహం పాలిపోయి ఉంటుంది. పోనీ అని కెమెరాలో ఉన్న ఫ్లాష్ వేస్తే ఫొటో నిండా తెల్లటి చుక్కలు. ఇంకా ఖరీదైన కెమెరా కొంటే బాగుపడుతుందనుకుంటారు. బాగుపడదు. అక్కడ కావలసింది కెమెరాకు దూరంగా, విడిగా నిలబడే వెలుగు. ఫొటోగ్రాఫర్ల మాటలో చెప్పాలంటే స్ట్రోబ్.

నీరు ఎండలోని రంగుల్లో ముందుగా ఎరుపును మింగేస్తుంది. స్వచ్ఛమైన సముద్రంలో కూడా ఐదు మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. ఈ లెక్క లోతుకే కాదు, అడ్డంగా ఉండే దూరానికీ వర్తిస్తుంది. అసలు అక్కడికి చేరని ఎరుపును తర్వాత కంప్యూటర్లో ఎంత దిద్దినా తేలేం. కాబట్టి అన్ని రంగులూ ఉన్న తెల్లటి వెలుగును మనమే వెంట తీసుకెళ్లాలి, చేపకు దగ్గరగా వెళ్లి అక్కడ వెలిగించాలి. ఈ అవసరం నీటి అడుగు ఫొటో పుట్టిన తొలిరోజుల్లోనే తెలిసిపోయింది.

1856లో ఇంగ్లండులోని వేమత్ దగ్గర విలియం థామ్సన్ అనే ఆయన పెట్టెలో పెట్టిన కెమెరాను సముద్రంలోకి దింపి ఒక మసక ఫొటో తీశాడు. ఆయన మాత్రం నీళ్లలోకి దిగలేదు. కెమెరాతో తానూ దిగినవాడు ఫ్రాన్సు జీవశాస్త్రవేత్త లూయీ బూతాఁ. 1893లో మధ్యధరా తీరంలోని అరాగో ప్రయోగశాలలో పనిచేస్తూ, సోదరుడు ఒగూస్త్ గీసిన నమూనాతో కెమెరాకు నీళ్లు చొరని పెట్టె చేయించుకుని, డైవింగ్ సూటు తొడుక్కుని అడుగుకు దిగాడు. ఎండ వెలుతురుతో ఒక్కో ఫొటోకు అరగంట దాకా పట్టేది. అరగంట సేపు ఏ చేప కదలకుండా ఉంటుంది?

అందుకే ఆయన వెలుగు కోసం తంటాలు పడ్డాడు. మొదట గాజుబుడ్డిలో ప్రాణవాయువు నింపి, అందులో మెగ్నీషియం తీగను కరెంటుతో వెలిగించే సాధనం తయారైంది. ఆ బుడ్డి పగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. తర్వాత చేసింది మరీ సాహసం. దాదాపు 200 లీటర్ల పీపాను ప్రాణవాయువుతో నింపి, దాని నెత్తిన గాజు బుర్ర కింద స్పిరిట్ దీపం పెట్టారు. డైవరు రబ్బరు బుడగ నొక్కితే మెగ్నీషియం పొడి ఆ మంట మీదికి ఎగిరి భగ్గుమనేది. సముద్రం అడుగున దీపం వెలిగించి, దాని పక్కన మనిషి నిలబడి, చేత్తో మందు ఊదడం! ఈ పీపాలో నన్ను ఆకట్టుకునే సంగతి ఒకటుంది. అంత పెద్ద పీపాను కెమెరాకు తగిలించడం కుదరదు కాబట్టి వెలుగు తప్పనిసరిగా కెమెరాకు విడిగా నిలబడింది. 1899లో ఆయన బ్యాటరీలతో పనిచేసే ఆర్క్ దీపాలు వాడాడు, మరుసటి ఏడు ఈ విద్య మీద పుస్తకమే రాశాడు.

నీటి అడుగున రంగుల ఫొటో 1926లో వచ్చింది. అమెరికాలో ఫ్లోరిడా దగ్గరి డ్రై టార్టుగాస్ దీవుల్లో లాంగ్లీ అనే శాస్త్రవేత్త, నేషనల్ జియోగ్రాఫిక్ ఫొటోగ్రాఫర్ చార్లెస్ మార్టిన్ కలిసి తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగు పైనుంచి పడుతుండగా చేపల రంగులు పట్టారు. మరుసటి ఏడు జనవరిలో పత్రికలో వేశారు. అదే 1926లో మన పల్నాటి కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు బయటపడ్డాయి. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు చూసి చెబితే మద్రాసు నుంచి శాసనాల శాఖ వారు వచ్చారు. ఆ లోయ తర్వాత నాగార్జునసాగర్ నీళ్ల కిందికి వెళ్లింది, ఆ సంగతికి చివర్లో మళ్లీ వస్తాను.

పొడి నుంచి బల్బుకు, బల్బు నుంచి స్ట్రోబ్‌కు నడిచిన దారి త్వరగానే చెప్పుకోవచ్చు. ఒక్కసారి వెలిగి మాడిపోయే ఫ్లాష్ బల్బులను డైవర్లు సంచుల్లో మోసుకెళ్లేవారు. అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1931లో వాయువు నింపిన గొట్టంలో కరెంటును ఒక్కసారిగా వదిలి, మళ్లీ మళ్లీ వెలిగే మెరుపును తయారుచేశాడు. 1953 నుంచి ఆయన ఫ్రాన్సు సముద్ర పరిశోధకుడు కూస్తో ఓడ కలిప్సో మీద సముద్రయానాలు చేశాడు. ఓడ సిబ్బంది ఆయన్ని ముద్దుగా పాపా ఫ్లాష్ అని పిలుచుకునేవారు. ఆ ఓడ పేరే పెట్టుకున్న కలిప్సో కెమెరాను బెల్జియం ఇంజనీరు జాఁ ద వూతెర్ రూపొందించాడు. 1963లో నికాన్ దాన్ని నికోనోస్‌గా అమ్మకానికి పెట్టింది. వేరే పెట్టె అక్కర్లేకుండా నేరుగా నీళ్లలో దిగే ఆ కెమెరా 2001 దాకా డైవర్ల చేతుల్ని ఏలింది.

1984 నాటి నికోనోస్-5లో ఒక సౌకర్యం ఉండేది. స్ట్రోబ్ వెలుగు ఫిల్ముకు తగిలి వెనక్కి చిమ్మేదాన్ని కెమెరా కొలిచి, చాలనుకోగానే వైరు ద్వారా స్ట్రోబ్‌ను ఆపేసేది. డిజిటల్ వచ్చాక ఈ ఏర్పాటు కుదరలేదు. సెన్సర్ మీద పడిన వెలుగు ఫిల్ము మీద పడినట్టు వెనక్కి చిమ్మదు. అందుకని తయారీదారులు కొలతను ముందుకు జరిపారు. బటన్ నొక్కగానే చిన్న మెరుపు ఒకటి వేసి, తిరిగొచ్చిన వెలుగును లెక్కగట్టి, తర్వాత అసలు మెరుపు వేస్తారు. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

చిన్న కెమెరాతో స్ట్రోబ్‌ను జోడించాలనుకున్నవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. 2000 తర్వాత కేనన్, ఒలింపస్ తమ కాంపాక్ట్ కెమెరాలకు 40 మీటర్ల లోతు తట్టుకునే ప్లాస్టిక్ హౌసింగులు, అంటే నీళ్లు చొరని పెట్టెలు, అమ్మాయి. సామాన్యుడికి నీటి అడుగు ఫొటో అందింది వీటితోనే. కానీ ఆ కెమెరాల్లో చాలావాటికి బయటి ఫ్లాష్ తగిలించే చోటే లేదు. మిగిలిన దారి ఒక్కటే: కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలుగునే సంకేతంగా చూసి, బయటి స్ట్రోబ్ తానూ వెలగడం. నరసరావుపేటలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు ఇది కొత్త కాదు, స్టూడియోలో స్లేవ్ ఫ్లాష్ చేసే పని ఇదే. తీరా చూస్తే పాత స్లేవులు ఆ ముందు మెరుపుకే పేలిపోయి, అసలు ఫొటో పడే వేళకు చల్లబడి ఉండేవి. ఫొటో నల్లగా వచ్చేది.

దీనికి జపాను కంపెనీలు ఇనాన్, సీ అండ్ సీ విరుగుడు కనిపెట్టాయి. ముందు మెరుపును గుర్తించి, దాన్నీ అనుకరించి, అసలు మెరుపు మొదలైనప్పుడు మొదలై, ఆగినప్పుడు ఆగే స్ట్రోబులు చేశాయి. హౌసింగ్ మీద కెమెరా ఫ్లాష్ ఎదురుగా ఫైబర్ కేబుల్ కొస బిగించి, మిగతా మేర నల్లగా మూసేస్తారు. వెలుగు ఆ సన్నటి తీగలోంచి మాత్రమే స్ట్రోబ్‌కు చేరుతుంది. కరెంటు వైరు లేదు కాబట్టి హౌసింగ్‌కు బెజ్జం పెట్టే పని లేదు, నీళ్లు కారే భయమూ ఆ మేరకు తగ్గింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే తెలివైన మలుపు ఇదే.

మూయడానికి ఇంకో కారణం కూడా ఉంది. లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్ వేస్తే, నీళ్లలోని మట్టిరేణువులూ నాచుతునకలూ ఎదురుగా వెలిగి తెల్లచుక్కలవుతాయి. మాచర్ల రోడ్డులో మంచు పట్టిన తెల్లవారుజామున హైబీమ్ వేసిన డ్రైవరుకు దారి కనిపించనట్టే. స్ట్రోబ్‌ను చేయి పొడవు పక్కకు జరిపి, లెన్సుకు కాస్త వెనగ్గా పెట్టి, మొహాన్ని కొంచెం బయటికి తిప్పాలి. అప్పుడు వెలుగు అంచు మాత్రమే చేపను తాకుతుంది, కెమెరాకూ చేపకూ మధ్య ఉన్న నీరు చీకట్లోనే ఉంటుంది. వస్తువు మీటరు లోపు ఉంటేనే రంగులు నిలుస్తాయి.

మన ప్రాంతంలో ఈ విద్య నేర్చుకోవాలంటే ముందు విశాఖ రుషికొండ వెళ్లాలి, అక్కడ స్కూబా నేర్పుతారు. సాగర్ జలాశయంలోనో, మొసళ్లున్న ఎత్తిపోతల మడుగులోనో, నీళ్లు నిండిన నాపరాయి క్వారీ గుంతల్లోనో ఎవరూ సొంతంగా దిగకండి, ప్రాణాలు పోతాయి. కృష్ణ నీళ్లలో ఒండ్రు, నాచు ఎక్కువ. కెమెరాలోని ఫ్లాష్ అక్కడ ఎందుకూ పనికిరాదు, స్ట్రోబ్ ఉన్నా మూర దూరంలోంచే తీయాలి. అయినా ఒక్క పని మాత్రం జరిగి తీరాలని నా కోరిక. నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించారు. మిగిలిన విజయపురి నీళ్ల కిందే ఉంది. భారత పురావస్తు శాఖకు 2001 నుంచి నీటి అడుగు విభాగం ఉంది, వారు ద్వారకలో దిగారు. సాగర్ మట్టం అడుగంటిన ఒక వేసవిలో ఆ డైవర్లు ఇక్కడా దిగి, పూడిక వదిలిన మేరకైనా ఆ ఇటుకలనూ రాళ్లనూ దగ్గరగా ఫొటో తీయాలి. అందుకు పెద్ద కెమెరాలే అక్కర్లేదు. పల్నాడు జిల్లా యంత్రాంగం ఒక లేఖ రాసి అడగవచ్చు.

సొంతంగా నేర్చుకోదలచినవారికి ఒక మాట. చేతిలో ఉన్న చిన్న కెమెరాను మార్చకండి. దాచిన డబ్బుతో ముందు ఒక స్ట్రోబ్, దాన్ని పక్కకు పట్టి ఉంచే ఒక చేయి (ఆర్మ్), ఒక ఫైబర్ కేబుల్ కొనండి. కొనేముందు ఆ స్ట్రోబ్ మీ కెమెరా ముందు మెరుపును గుర్తిస్తుందో లేదో అంగట్లోనే వెలిగించి చూసుకోండి.