ఆర్మ్‌స్ట్రాంగ్ టేపులు, మన డప్పు పెద్దలు

'లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్స్ బ్లాక్ అండ్ బ్లూస్' 2022లో విడుదలైన డాక్యుమెంటరీ. దర్శకుడు సచా జెంకిన్స్. జాజ్ సంగీతానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన నల్లజాతి ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితమే ఇందులోని కథ. తుంగతుర్తి చుట్టుపక్కల డప్పు, చిందు, కిన్నెర కళాకారుల జీవితాలను నమోదు చేయాలనుకునే విద్యార్థులు, కార్యకర్తలు ఈ సినిమా తప్పక చూడాలని మేము అంటున్నాం.

ఎవరీ ఆర్మ్‌స్ట్రాంగ్?

1901లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నిరుపేద కుటుంబంలో పుట్టాడు. పదకొండేళ్ల వయసులో, కొత్త సంవత్సరం సంబరాల్లో గాల్లోకి తుపాకీ పేల్చాడని పోలీసులు పట్టుకుపోయి నల్లపిల్లల వసతి గృహంలో పెట్టారు. అక్కడి బ్యాండులో వాయిస్తూనే సంగీతంలో నిలదొక్కుకున్నాడు. పెద్ద కళాకారుడయ్యాక కూడా, తాను కచేరీ చేసిన హోటళ్లలోనే ఉండడానికి గది దొరకని రోజులు చూశాడు.

వేదిక మీద ఎప్పుడూ నవ్వుతూ కనిపించేవాడు. తెల్లవాళ్లను మెప్పించడానికే ఆ నవ్వు అని నల్లజాతి యువత చాలామంది విమర్శించారు. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్ల విద్యార్థులను బడిలోకి రానీయకుండా గవర్నర్ సైనికులను నిలబెట్టాడు. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను బహిరంగంగా తిట్టాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు పోనని తేల్చి చెప్పాడు.

సినిమాకు ప్రాణం టేపులే

ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టుకుని తన మాటలు, జ్ఞాపకాలు, మిత్రులతో ముచ్చట్లు వందల టేపుల్లో దాచాడు. న్యూయార్క్‌లోని ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. జెంకిన్స్ సినిమా ఎక్కువగా ఆ టేపుల మీద, ఆయన రాతల మీద నిలబడింది. వేదిక మీద నవ్విన మనిషే టేపుల్లో తనకు జరిగిన అవమానాలను కోపంతో, బూతులతో చెబుతాడు. ఆ గొంతు లేకుంటే మనకు మిగిలేది విమర్శకుల ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రమే.

మన దగ్గర

డప్పును ఊరు శతాబ్దాల పాటు వెట్టికి వాడుకుంది. చావుకు, జాతరకు, చాటింపుకు కొట్టించుకుని, కొట్టినవాణ్ని వాడ అవతలే ఉంచింది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. ఈ మార్పును తన ఒంటితో అనుభవించిన తరం ఇప్పుడు ముసలిదైపోయింది.

గుర్తింపు వస్తే చాలదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. రెండేళ్లకు ఆయన కూలి పనిలో ఉన్నాడన్న వార్త వచ్చింది. ఆయన పాటను సినిమా ద్వారా లక్షలమంది విన్నారు, బతుకు మాత్రం కుదుటపడలేదు. అందుకే డాక్యుమెంటరీ పాటతోపాటు బతుకునూ అడగాలి.

నమోదు చేసేవాళ్లకు మా సూచనలు:

- డప్పు ఎవరు నేర్పారు, తోలు ఎక్కడ తెచ్చారు, చిర్ర, సిటికెన పుల్ల ఎట్లా పట్టాలి అని అడగండి. అదంతా చదువే.
- కొట్టినందుకు ఏమిచ్చారు, ఎక్కడ నిలబెట్టారు, ఎవరు మొదటిసారి కొట్టనన్నారు? ఇవి తప్పకుండా అడగండి.
- ఇంట్లో ఆడవాళ్లనూ కూర్చోబెట్టి వినండి. వాళ్లకు గుర్తున్న కథ వేరేగా ఉంటుంది.
- పెద్దమనిషి మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. కోపం వస్తే కోపాన్నే ఉంచండి.
- అనుమతి తీసుకోండి, పోయిన రోజు కూలి ఇవ్వండి, పేరు రాయండి, ఒక కాపీ ఆ ఇంట్లో ఇచ్చి రండి.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సొంత టేప్ రికార్డర్ ఉండేది. మన పెద్దలకు అది లేదు కానీ మన చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఈ పండుగకు ఊరికి పోయినప్పుడు ఒక్క పెద్దమనిషి దగ్గర గంటసేపు కూర్చోండి.