బంతిభోజనము నుండి హోటలు వరకు: పిల్లల మర్యాద

ధర్మపురికి దక్షిణముగా, సేలము పోవు దారిలో అదియమాన్‌కోట్టై యను చిన్న యూరు కలదు. పేరులోనే దాని చరిత్ర యిమిడి యున్నది. సంగమకాలమున తగడూరు రాజధానిగా ఈ సీమ నేలిన అదియమాన్ వంశమువారి పేరది. ఆ తగడూరే నేటి ధర్మపురి. హోసూరునుండి రాయకోట, పాలకోడుల మీదుగా వచ్చు 844వ సంఖ్య జాతీయ రహదారి ఈ యూరి చెంతనే బెంగుళూరు–సేలము రహదారితో కలియుచున్నది. ఇచ్చటి కాలభైరవస్వామి యాలయమునకు బహుళాష్టమి దినములందు దూరప్రాంతములనుండి సైతము భక్తులు కుటుంబములతో వత్తురు. దర్శనము ముగిసిన పిమ్మట, దారిప్రక్కనున్న ఏదో యొక హోటలులో భోజనమునకు కూర్చుందురు.

అచ్చట మనమందరము చూచియున్న దృశ్య మొకటి కలదు. ఒక బిడ్డ బల్లల నడుమ పరుగులెత్తుచుండును. వేడి సాంబారు బకెట్టుతో వచ్చు సర్వరు వానిని తప్పించుకొనుటకు ప్రయాసపడుచుండును. మరియొక బిడ్డ తెచ్చిన దోసెను త్రోసివైచి వేరొకటి కావలెనని యేడ్చును. ఇంకొక బిడ్డ యే యల్లరియు చేయక సెల్ ఫోను చూచుచు, తాను తిన్నదేమో తానెరుగక తినుచుండును. ప్రక్క బల్లనున్న పెద్దలు “మా కాలమున పిల్లలిట్లుండెడివారు కారు” అని నిట్టూర్తురు. ఈ మాట యెంతవరకు సత్యమో చరిత్రవలన పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వకాలపు పిల్లలు పుట్టుకతోనే మర్యాదస్తులని యెంచుట పొరపాటు. అందుకు సాక్ష్యము వెదకుటకు అదియమాన్ ఆస్థానమునకే పోవచ్చును. అవ్వైయార్ అను కవయిత్రి అదియమాన్ నెడుమాన్ అంజిని గూర్చి చెప్పిన పద్యములు పుఱనానూఱు అను సంకలనమున నున్నవి. వానిలో నొకదానియందు ఆమె తన పలుకులను బిడ్డల ముద్దుమాటలతో పోల్చుకొన్నది. వీణకు కుదురక, సమయమునకు తగక, అర్థమైనను తెలియకపోయినను, బిడ్డల మాట తండ్రికి ప్రీతి కలిగించునని దాని భావము. ఆ సంకలనముననే అఱివుడై నంబి యను పాండ్యరాజు చెప్పిన పద్యమొకటి కలదు. తప్పటడుగులతో వచ్చి, చిట్టిచేయి చాచి, నేయి కలిపిన యన్నమును కెలికి, చల్లి, మేనికి పూసికొను బిడ్డలు లేని బ్రతుకు వ్యర్థమని ఆ రాజు తలంచెను. తమ బిడ్డల చిట్టిచేతులు కలచిన అంబలి అమృతముకంటె తీయనిదని తిరుక్కుఱళ్ చెప్పుచున్నది.

మన పోతనామాత్యుడు దశమస్కంధమున గోపబాలకుల చల్దుల విందును వర్ణించెను. ఒకడు వ్రేళ్లు నాకుచు ఊరుగాయతో తోటివానిని ఊరించును. ఒకడు ప్రక్కవాని కంచములోనిది లాగికొని మ్రింగి నోరు తెరచి చూపును. ఒకడు పందెము కట్టి అయిదారుగురి చల్దులను కూరుకొనును. ఆ నడుమ శ్రీకృష్ణుడే కూర్చుండియున్నాడు! ఆ యల్లరికి కవి యానందించెనే కాని విసుగుకొనలేదు. కాబట్టి అన్నము నొద్ద బిడ్డల అల్లరి క్రొత్తది కాదు. అది రెండువేల యేండ్లుగా తమిళ తెలుగు కవులిరువురును ముచ్చటపడి చూచినదే.

అయితే ఒక విశేషము గమనింపదగియున్నది. పాండ్యుని పద్యములోని అల్లరి యింటిలోనిది. పోతన వర్ణించిన యల్లరి అడవిలో, సమవయస్కుల నడుమ జరిగినది. పదిమంది పెద్దలు కూర్చున్న బంతిలో ఇట్టి యల్లరిని మెచ్చుకొనినవారు లేరు. మన పూర్వులు ఒడి, ఆటస్థలము, బంతి అను మూడు చోటులను వేరువేరుగా నెరిగియుండిరి. మొదటి రెంట బిడ్డకు స్వేచ్ఛ కలదు. మూడవదానికి మాత్రము మర్యాద నేర్చిన పిమ్మటనే ప్రవేశము.

ఆ నేర్పుట యెట్లు జరిగెను? యాజ్ఞవల్క్యస్మృతి గృహస్థునకు విధించిన క్రమమున బాలురు, పుట్టినింట నున్న ఆడుబిడ్డలు, వృద్ధులు, గర్భిణులు, రోగులు ముందుగా భుజింపవలెను. అతిథులకును సేవకులకును పెట్టినమీదట, మిగిలినదానిని దంపతులు భుజింపవలెను. అనగా బిడ్డను ఆకలితో కూర్చుండబెట్టి ఓర్పు నేర్పుట మన పద్ధతి కాదు. ముందు కడుపు నింపి, తరువాత బంతికి పిలిచెడివారు. బామ్మ గోరుముద్దలు తినిపించు ఈడు దాటిన పిమ్మట, బిడ్డ తాతప్రక్కన చిన్న ఆకు వేసికొని కూర్చుండును. అందరి విస్తళ్లలోను వడ్డన పూర్తి యగువరకు చేయి పెట్టరాదు. కుడిచేతి యెంగిలి గరిటెకు తగులరాదు. వలసినది అడిగి వేయించుకొనవలెను, వేయించుకొన్నది విడువరాదు. ప్రక్కవారి ఆకులోనికి చూడరాదు. పెద్దలు లేవకమునుపు లేవరాదు. ఈ నియమములను ఎవరును ఉపన్యసించి చెప్పలేదు. కనుసైగతో, “ఊఁ” అను చిన్న మందలింపుతో, దినమునకు రెండుమారులు పాఠము జరుగుచుండెను. ఏడెనిమిదేండ్లు వచ్చుసరికి పెండ్లిబంతిలో కూర్చుండుటకు బిడ్డ సిద్ధమగుచుండెను.

ఇక వెలయిచ్చి అన్నము తినుటయు మనకు క్రొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియిల్లు కనబడుచున్నది. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇవన్నియు లక్ష్మణవజ్ఝుల యింట ఒక రూకకు లభించెనట! గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ ఒక ముఖ్యపాత్రయే. కాని యీ రెండుచోట్లను విస్తరి ముందు కూర్చున్నవారు ఊరుగాని యూరికి వచ్చిన మగవారు. బిడ్డలతో ప్రయాణమైన సంసారులు చలిదిమూట కట్టుకొనిపోవుటయో, సత్రములో దిగి పొయ్యి రాజవేసికొనుటయో వాడుక. కావున “మా కాలమున పిల్లలు హోటలులో అల్లరి చేసెడివారు కారు” అనుమాట ఒక విధమున నిజమే. ఏలయన ఆ కాలమున పిల్లలు హోటలుకే పోలేదు.

ఇచ్చట మరియొక సత్యమును దాచరాదు. మనము మెచ్చుకొను పాతబంతి అందరిని కూర్చుండనిచ్చిన బంతి కాదు. కులమును బట్టి బంతులు వేరు. ఇరువదవ శతాబ్దిలో కాఫీహోటళ్లు వెలసినప్పుడును ఆ భేదమే వానిలో ప్రవేశించెను. కొందరికి లోపల పీట, కొందరికి వేరు గది, కొందరికి వీధి గడప. దక్షిణ భారత రైల్వేస్టేషనుల భోజనశాలలలో నుండిన ఇట్టి వేర్పాటు ఆందోళన ఫలితముగా 1941లో తొలగినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములు, భోజనశాలలు, హోటళ్లలో ప్రవేశమునకు జాతి మత కుల లింగ భేదము అడ్డు కారాదని శాసించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము అంటరానితనము పేర అట్టి ప్రవేశమును నిరాకరించుటను శిక్షార్హము గావించినది. నేడు మన బిడ్డ ఎవరి ప్రక్కన కూర్చుండి ఇడ్లీ తినుచున్నాడో మనము విచారింపము. ఈ విచారింపకపోవుట చాలమంది పోరాడి సాధించిన ఫలము.

ఈ క్రొత్త బంతిని పిల్లలకు ముందుగా నేర్పినది హోటలుకంటె బడియే. తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టి నాయకత్వమున నుండిన మదరాసు నగరపాలక సంస్థ 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో బిడ్డలకు ఫలాహారము పెట్టుటకు నిర్ణయించెను. దినమునకు బిడ్డకు ఒక అణాకు మించరాదని వ్యయపరిమితి. తరువాత 1956లో కామరాజు మధ్యాహ్నభోజన పథకమును రాష్ట్రమున వ్యాపింపజేసెను. 1982లో ఎం.జి.ఆర్. పోషకాహార పథకము వచ్చెను. 2022లో ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహారమును ఆరంభమయ్యెను. పళ్లెము పట్టుకొని వరుసలో నిలుచుట, తనవంతు వచ్చువరకు వేచియుండుట, ఎవరి ప్రక్కనైనను కూర్చుండి తినుట ఈ దేశపు బిడ్డలు అచ్చటనే యెక్కువగా నేర్చిరి. మన తెలుగు బిడ్డలును వారిలోనివారే.

హోటళ్లు మాత్రము పిల్లలను ఆలస్యముగా స్వాగతించినవి. మొదట మగవారి కాఫీ, పిమ్మట స్త్రీలకును బిడ్డలకును తెరచాటున “ఫ్యామిలీ రూము”, తుదకు అందరికిని ఒకే విశాలమైన హాలు. ఇదియే మన యూళ్లలో జరిగిన క్రమము. ఇతర దేశములందును బిడ్డలకు భోజనశాల క్రొత్త చోటే. జపానులో మిత్సుకోషి యను పెద్ద దుకాణమువారు 1930లో టోకియోలోని తమ భోజనశాలయందు పిల్లలకొరకే ఒక పళ్లెము నేర్పరచి, అన్నపుముద్దపై చిన్న జెండా గ్రుచ్చి యిచ్చిరి. అది ఆ దేశమంతట వ్యాపించినది. బిడ్డ కూడ అతిథియే యని గుర్తించిన చోట బిడ్డ అతిథివలె ప్రవర్తించుట సులభము.

చరిత్ర ఇట్లుండగా నేటి చిక్కెక్కడ నున్నది? బిడ్డలలో కాదు. హోటలు ఏ చోటు అను విషయమున పెద్దలకు కలిగిన భ్రమలో నున్నది. “డబ్బిచ్చితిమి గదా” అను తలంపుతో మనము హోటలును మన యింటి వసారాగా భావించుచున్నాము. ఒడిలోని స్వేచ్ఛను బంతిలోనికి తెచ్చుచున్నాము. డబ్బిచ్చి కొన్నది అన్నమును మాత్రమే. ప్రక్కవారి నెమ్మదిని మనము కొనలేదు. వడ్డించువాని గౌరవమును కొనలేదు. హోటలు కూడ బంతియే. పైగా పాతబంతికంటె పెద్దబంతి. అందు కూర్చున్నవారు మన బంధువులు కారు గనుక, మన బిడ్డ తప్పును కడుపులో దాచుకొనవలసిన బాధ్యత వారికి లేదు.

అట్లని బిడ్డను గద్దించి బొమ్మవలె కూర్చుండబెట్టుటయు సరికాదు. మూడుగంటలు ప్రయాణముచేసి, గుడిలో నిలిచి, ఆకలిగొన్న నాలుగేండ్ల బిడ్డ అరగంట కదలక కూర్చుండుట అసాధ్యము. స్మృతికారుడే బిడ్డకు ముందు పెట్టుమనెను. మనమును అట్లే వానికి ముందుగా ఒక ఇడ్లీ తెప్పింపవచ్చును. భోజనము వచ్చులోపల తండ్రి వానిని చేయిపట్టుకొని బయటి చెట్టునీడకు కొనిపోవచ్చును. సెల్ ఫోను చేతికిచ్చుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. కాని దానివలన బంతి నిశ్శబ్దమగునేగాని బిడ్డ బంతిలోనికి రాడు. అల్లరిచేయు బిడ్డ కనీసము మనతో నున్నాడు.

ఈ విషయము మనబోటి కుటుంబములకు మరింత ముఖ్యము. తరతరములుగా ఈ సీమలో స్థిరపడిన మనకు వీధిభాష తమిళము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట బడిలోను తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి యయ్యెను. తమిళము మన బిడ్డలు బాగుగా నేర్వవలసినదే. అది వారు పుట్టిన నేల భాష. కాని తెలుగునకు మిగిలిన బడి ఏది? కంచము చుట్టు కూర్చున్న ఆ అరగంటయే. వడ్డించు, కలుపుకొను, నంజుకొను, మారు వేయించుకొను, ఎంగిలి, పొలమారుట, ఈ మాటలు పుస్తకమునుండి రావు, బంతినుండి వచ్చును. పొలమారిన బిడ్డ నెత్తిన తట్టి “ఎవరో తలచుకొన్నారు” అని బామ్మ చెప్పినప్పుడే అవి బిడ్డకు అంటును. ఇంట ఎవరికి వారు వేరువేరు వేళల తిని, ఆదివారమునాడు హోటలులో మాత్రము కలిసి కూర్చుండు కుటుంబమునకు ఆ హోటలు బల్లయే తెలుగుబడి. అచ్చటను ఫోనే మాటలాడినచో భాషయు పోవును, మర్యాదయు పోవును. సర్వరును తమిళమున “అణ్ణా” యని మర్యాదగా పిలిచి నీరడిగి, వెంటనే తిరిగి బామ్మను “నీకేమి కావలెనే అవ్వా?” అని తెలుగున అడుగు బిడ్డ రెండు భాషల మర్యాదయు నేర్చినవాడు.

అవ్వ యనగానే మరల అవ్వైయార్ జ్ఞప్తికి వచ్చును. దీర్ఘాయువు నిచ్చు దుర్లభమైన ఉసిరిక అదియమానునకు లభించినప్పుడు అతడు దానిని తాను తినక, దాని మహిమను చెప్పక, ఆమెకు సమర్పించెనని ప్రసిద్ధి. ఒకనాడు కాక పలునాళ్లు, పలువురితో కలిసి పోయినను అతడు మొదటినాటి ప్రీతితోనే ఆదరించునని ఆమె కొనియాడెను. మంచిది చేతికందినప్పుడు ప్రక్కవారిని ముందు తలంచుట, ఎన్నిమారులైనను విసుగక పెట్టుట, ఇంతకంటె బంతిమర్యాద వేరొకటి లేదు. ఆ రాజు పేరు మోయుచున్న యూరిలో భోజనమునకు ఆగినపుడు, ముందుగా వచ్చిన గారెను బిడ్డచేత అవ్వ ఆకులో వేయింతము. చరిత్ర పాఠమును, భోజన పాఠమును అచ్చటనే ఆరంభమగును.