శాన్ హువాన్ హిల్: బస్తీ కూల్చి కట్టిన హాల్లోనే ఆ బస్తీ సంగీతం

న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో ఒకప్పుడు శాన్ హువాన్ హిల్ అనే బస్తీ ఉండేది. దాని మీద ట్రినిడాడ్ ట్రంపెట్ కళాకారుడు ఎటియెన్ చార్లెస్ కూర్చిన సంగీత ప్రదర్శన పేరు 'శాన్ హువాన్ హిల్: ఎ న్యూయార్క్ స్టోరీ'. 2022 అక్టోబర్ 8న లింకన్ సెంటర్‌లోని డేవిడ్ గెఫెన్ హాల్లో దీన్ని మొదటిసారి వినిపించారు. 55 కోట్ల డాలర్లతో బాగుచేసిన ఆ హాలు మళ్లీ తెరిచింది ఈ కచేరీతోనే. చార్లెస్‌తో దీన్ని రాయించింది లింకన్ సెంటరే. ఆ సెంటర్ నిలబడ్డది ఈ బస్తీని కూల్చిన జాగాలోనే.

20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ నల్లజాతి కుటుంబాలు, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. తర్వాత ప్యూర్టోరికన్లు వచ్చారు. జాజ్ పియానోలో పెద్ద పేరైన థెలోనియస్ మంక్ పెరిగింది ఇక్కడే. జేమ్స్ పి. జాన్సన్ 'చార్ల్‌స్టన్' బాణీ పుట్టింది కూడా ఇక్కడి క్లబ్బులో దక్షిణాది కూలీల డాన్స్ చూసే. సర్కారు కాగితాల్లో మాత్రం ఇది మురికివాడ, అంతే. రాబర్ట్ మోజెస్ నడిపిన మురికివాడల తొలగింపు పథకం కింద 7,000కు పైగా కుటుంబాలను, 800 దాకా వ్యాపారాలను ఖాళీ చేయించారు. 1959లో లింకన్ సెంటర్ పనులు ప్రారంభించడానికి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ స్వయంగా వచ్చారు. దుకాణం పోతే షట్టర్ ఒక్కటే పోదు, ఏళ్ల తరబడి వచ్చే గిరాకీ కూడా పోతుంది. పరిహారం లెక్కల్లో మామూలుగా అది ఎక్కదు.

చార్లెస్ పాత నివాసులతో కూర్చుని మాట్లాడి ఈ సంగీతం రాశారు. వేదిక మీద ఆయన సొంత బృందం క్రియోల్ సోల్, జాప్ వాన్ జ్వెడెన్ నడిపించిన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కలిసి వాయించాయి. డీజే లాజిక్ రికార్డులు తిప్పారు, కార్ల్ హాన్‌కాక్ రక్స్ మాటలు చెప్పారు, తెర మీద వీడియో నడిచింది. జాజ్, కాలిప్సో, సింఫనీ ఒకే కచేరీలో!

ఒక భాగం పేరు 'రయట్ 1905', ఆ ఏడాది బస్తీలో జరిగిన అల్లర్ల మీద. ఇంకోదాని పేరు 'అర్బన్ రిమూవల్'. పట్టణాల పునరుద్ధరణను ఇంగ్లిష్‌లో 'అర్బన్ రినీవల్' అంటారు కదా, ఆ మాటనే 'తొలగింపు' అని తిప్పేశారు. డబ్బు పెట్టినవాళ్ల ఇంట్లోనే వాళ్లకు ఈ మాట వినిపించడం చిన్న విషయం కాదు. అలాగని ఇళ్లు పోయినవాళ్లకు ఇళ్లయితే తిరిగి రాలేదు.

కూల్చివేతల్లో అంతా పోలేదు. మంక్ కుటుంబం ఉన్న 243 వెస్ట్ 63వ వీధి భవనం ఇంకా ఉంది. ఆ వీధికి ఆయన పేరు కూడా పెట్టారు.